ఆరో ఛాంబర్లో చీమలు

"ఎగరడానికి గుంటూర్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా శేషుబాబూ? మిరపకాయలు దాచే కొట్టే కావలసొచ్చిందా?"

డిటెక్టివ్ జక్రయ్య పిచ్చాపాటీ మాట్లాడుతున్నట్టే అడిగాడు. కానీ బల్లకి అవతల కూర్చున్న శేషుబాబు కుర్చీ అంచుకి జరిగాడు. నల్లపాడు రోడ్డు మీదున్న ఆ కోల్డ్ స్టోరేజి వాళ్ళ నాన్నది. నాన్న మిర్చి యార్డులో చెమటోడ్చి సంపాదిస్తుంటే, ఈయనగారు సింగపూర్ నుంచి స్పీకర్లు తెప్పించి, రంగురంగుల బల్బులు బిగించి, ఊళ్ళో కాలేజీ పిల్లలందరికీ హీరో అయి కూర్చున్నాడు.

"ఆరో ఛాంబర్లో మిషన్ చెడిపోయిందండీ. ఏడాదిగా ఖాళీగా పడి ఉంది. గోడలు ఇంత మందం కదా, లోపల ఎంత సౌండ్ పెట్టినా బయటికి వినపడదు. అందుకని డిస్కో పెట్టాం. ఫ్రెండ్స్ వరకేనండీ."

"మరి పట్టపగలెందుకయ్యా? డిస్కోలు రాత్రిళ్ళు కదా?"

"గర్ల్స్ హాస్టళ్ళు ఆరింటికల్లా గేటు మూసేస్తారండీ. అందుకే ఆదివారం భోజనాలయ్యాక మొదలెట్టి, పొద్దు వాలేలోపు ముగించేస్తాం. తలుపులు మూస్తే లోపల ఎలాగూ చీకటే."

ఇంకో రోజైతే జక్రయ్య కడుపుబ్బ నవ్వేవాడు. వార్డెన్ గంటకి భయపడి మిట్టమధ్యాహ్నం నడిచే డిస్కో ఈ భూమ్మీద గుంటూర్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. కానీ ఇవాళ నవ్వొచ్చే రోజు కాదు. నిన్నటి ఆదివారం ఆ చీకట్లో ఇద్దరు పడిపోయారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు. పేరు యలమందయ్య, పెదనందిపాడు వైపు పత్తి రైతు కొడుకు. కోటప్పకొండ దేవుడికి మొక్కుకుని పెట్టిన పేరు బరువయిపోయి, కాలేజీలో రాకీ అని పిలిపించుకునేవాడు. రెండో మనిషి నర్సింగ్ చదువుతున్న సంతోషకుమారి. బ్రాడీపేటలో డాక్టర్ శ్యామసుందర్ నర్సింగ్ హోమ్‌లో స్పృహ లేకుండా పడి ఉంది.

యలమందయ్య పడిపోయిన చోట పురుగుమందు డబ్బా దొరికింది. ఇంకేం కావాలి? కుర్రవాడు హిందువుల బిడ్డ, పిల్ల మిషన్ స్కూలు మాస్టారు జయరావుగారి కూతురు. పెద్దలు ఒప్పుకోరని ఇద్దరూ పురుగుమందు తాగారని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బుల్లయ్య తేల్చేశాడు. పొద్దున్నే పేపర్లో 'ప్రేమజంట' అని పడనే పడింది.

ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని జయరావు మాస్టారు పొద్దున జక్రయ్య ఆఫీసు మెట్లెక్కాడు. జక్రయ్యకి ఎక్కాలు నేర్పింది ఆయనే. "మా పిల్ల ప్రేమించిందో లేదో నాకు తెలీదు జక్రయ్యా. ప్రేమిస్తే నాతో చెప్పి ఏడుస్తుంది గానీ చావదు. దానికి రేపు పరీక్ష ఉంది. పరీక్ష పెట్టుకుని ఎవరైనా చస్తారా?" అన్నాడు. తర్వాత ఆయన చెప్పిన మాట జక్రయ్య చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. "పురుగుమందుకి విరుగుడని రాత్రంతా సూదులు పొడుస్తూనే ఉన్నారు. ఒళ్ళు కాలిపోతోంది. నాలుక అట్టలా ఎండిపోయింది. గాల్లో ఏదో ఏరుతోందయ్యా నా బిడ్డ. ఎండిపోవడం మంచి లక్షణమేనని డాక్టరుగారు అంటున్నారు."

పోలీసు ఉద్యోగం చేసిన రోజుల్లో పురుగుమందు తాగినవాళ్ళని జక్రయ్య ఎంతమందిని చూశాడో లెక్కలేదు. తాగినవాళ్ళకైతే ఆ సూది ప్రాణం పోస్తుంది. తాగని మనిషికి పొడుస్తూ పోతే అదే విషం. కాబట్టి తేలవలసింది ఒక్కటే. సంతోషకుమారి పురుగుమందు తాగిందా, లేదా? పెద్ద లేబరేటరీ కాగితం హైదరాబాదు నుంచి రావాలంటే నెలలు పడుతుంది. ఆ పిల్లకి నెలలు కాదు గదా, రేపటి పొద్దు కూడా ఉన్నట్టు లేదు.

"డబ్బా ఎవరు తెచ్చారు?" అడిగాడు జక్రయ్య.

"నాకు తెలీదండీ. పోలీసులు తీసి చూపించేదాకా అక్కడ డబ్బా ఉన్నట్టే నాకు తెలీదు. ఒట్టు!"

ఈ మాట మాత్రం నిజమేననిపించింది. అబద్ధం చెప్పేటప్పుడు శేషుబాబు చొక్కా కాలరు సర్దుకోవడం జక్రయ్య ఇందాకే గమనించాడు. ఇప్పుడు సర్దుకోలేదు.

"లోపల ఏం తాగారు?"

చెయ్యి కాలరు మీదికి పోయింది. "కూల్ డ్రింకులేనండీ. అంతే."

"పద, ఛాంబరు చూపించు."

వాళ్ళు లేచేసరికి బయట జీపు ఆగింది. దిగినవాడు బుల్లయ్యే. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, జక్రయ్యని గుర్తుపట్టి, ఒంటికాలి మీద లేచాడు.

"ఏరా జక్రయ్యా! డిపార్టుమెంటు వదిలేసినా డిపార్టుమెంటు నిన్ను వదల్లేదా? నా కేసులో నీకేం పని?"

"నీ కేసు నువ్వు మూసేశావుగా బుల్లయ్యా. మూసిన కొట్లో బేరమాడితే తప్పేముంది?"

ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలుగా చేరినవాళ్ళు. బుల్లయ్య లంచం తినడు, నిద్రపోడు, ఎవరిమాటా వినడు. జక్రయ్యకి వాడంటే గౌరవం ఉంది, ఒళ్ళుమంటా ఉంది. రెండూ ఒకేసారి ఉండటం వల్లే పదేళ్ళుగా ఎదురుపడినప్పుడల్లా కీచులాట.

"మూసేశానా? శవాన్ని చూశాను. నోట్లోంచి నురగ. పక్కన డబ్బా. పత్తికి తెల్లదోమ పట్టిన దగ్గర్నుంచీ నా స్టేషనుకి ఇలాంటివి ఎన్ని వచ్చాయో నీకు తెలుసా? శవాన్ని మోసుకొచ్చిన రైతుల మొహాల్లోకి చూడలేక ఛస్తున్నాను. నువ్వు స్కూటరేసుకుని వచ్చి నాకు పాఠం చెబుతావా?"

గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. జక్రయ్య తగ్గాడు.

"పాఠం కాదురా. ఆ పిల్ల ఇంకా బతికుంది. ఒక్కసారి లోపలికి రా. నాది తప్పయితే నీ జీపులోనే నన్ను తీసుకెళ్ళి స్టేషన్లో కూర్చోబెట్టు."

"కూర్చోబెడతాను. కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించను," అంటూనే బుల్లయ్య ముందు నడిచాడు.

ఆరో ఛాంబరు తలుపు జానెడు మందం. తాళం తీసి లాగేసరికి పాత మిరప ఘాటు గుప్పుమని కొట్టి ముగ్గురికీ తుమ్ములు అందుకున్నాయి. ఎన్ని సెంట్లు చల్లినా ఆ ఘాటు పోలేదు. శేషుబాబు స్విచ్చి నొక్కాడు. ఎర్ర లైటూ నీలం లైటూ తిరగడం మొదలెట్టాయి.

"ఇవి ఆపి తిన్నగా వెలిగేది వెయ్యి," అని కసిరాడు బుల్లయ్య.

మామూలు బల్బు వెలిగింది. సిమెంటు నేల, గోడకి చేరేసిన నాలుగు బెంచీలు, మూలగా మనిషి ఎత్తు స్పీకరు పెట్టె. పెట్టె ముందు శవం పడి ఉన్న చోట సుద్దతో గీత. పెట్టె వెనక సందులో పురుగుమందు డబ్బా, దాని పక్కనే ఒక గాజు గ్లాసు. వేలిముద్రలవాళ్ళు వచ్చేదాకా కదపొద్దని రెంటిచుట్టూ సున్నాలు చుట్టి ఉంచాడు బుల్లయ్య. పనిలో శుభ్రత ఉన్నవాడే.

"చూశావుగా? గ్లాసులో పోసుకున్నారు, కూల్ డ్రింకులో కలుపుకున్నారు, తాగారు. వాసన చూడు కావాలంటే," అన్నాడు.

జక్రయ్య వంగి గ్లాసు వాసన చూశాడు. ముక్కుపుటాలు మండిపోయాయి. పురుగుమందే, అనుమానం లేదు. అడుగున కూల్ డ్రింకు జిగురు కూడా ఉంది. బుల్లయ్య గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

జక్రయ్య మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి టార్చి తీసి, గ్లాసు చుట్టూ వెలుగు తిప్పాడు. అక్కడినుంచి సుద్దగీత దగ్గరికి మోకాళ్ళ మీదే పాకాడు. గీతలో తల ఉండాల్సిన చోట యలమందయ్య కక్కుకున్నది ఎండిపోయి అట్టకట్టింది. టార్చి అక్కడ ఆగిపోయింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. శేషుబాబు మొహం తిప్పుకున్నాడు.

"బుల్లయ్యా, ఇలా వచ్చి కూర్చో."

"యూనిఫాం మాస్తుంది."

"మాయనీ. నువ్వు పత్తి చేల గట్ల మీద పెరిగినవాడివే కదా? ఇటు చూసి ఏం కనపడుతోందో చెప్పు."

బుల్లయ్య మూలుగుతూ కూర్చున్నాడు. ఎండిన వాంతి మీద చీమలు. గోడ బీటలోంచి బారుగా వచ్చి, తియ్యటి కూల్ డ్రింకు పేరుకున్న ఆ మరక మీద ముసిరి, వాటి తొందరలో అవి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క చీమ చచ్చి లేదు.

"ఇప్పుడు అటు చూడు," అని టార్చి గ్లాసు మీద వేశాడు జక్రయ్య.

ఆ గ్లాసు చుట్టూ నల్లగా పొడి చల్లినట్టుంది. పొడి కాదు, చచ్చిన చీమలు. గ్లాసు అంచు దాకా పాకినవి అక్కడే ముడుచుకుపోయాయి.

బుల్లయ్య మీసం మీదున్న చెయ్యి దిగింది. చాలాసేపు ఇటూ అటూ చూశాడు. పురుగుమందు చల్లిన చేలో చీమ కూడా మిగలదని ఆ జిల్లాలో పుట్టినవాడికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"గ్లాసులో ఉంది... కడుపులో లేదు," అన్నాడు నెమ్మదిగా.

"లేదు. వాళ్ళు పడిపోయాక ఎవడో తీరిగ్గా గ్లాసులో పోసి, డబ్బా పక్కన పెట్టాడు. నోట నురగ చూస్తే ఈ జిల్లాలో ఎవరూ రెండో ప్రశ్న అడగరని వాడికి తెలుసు. నువ్వూ అడగలేదు, నేనూ అడిగేవాణ్ణి కాదేమో."

"మరి కుర్రాడు దేంతో చచ్చాడు?"

జక్రయ్య లేచి, ప్యాంటు దులుపుకుని, శేషుబాబు వైపు తిరిగాడు. కుర్రాడు అప్పటికే గోడకి అతుక్కుపోయాడు.

"నువ్వు చెబుతావా? లేక బుల్లయ్యగారు అడగాలా? ఆయన నాలా కూర్చోబెట్టి అడగరు."

"నాకేం..." చెయ్యి కాలరు మీదికి వెళ్ళబోయింది.

"ఆ చెయ్యి కిందకి దించరా!" జక్రయ్య అరుపుకి ఛాంబరు అదిరింది. "అక్కడ ఒక ఆడపిల్ల చావుబతుకుల్లో ఉంది. నువ్వు నోరు మూసుకున్న ప్రతి గడియా దానికి తప్పుడు మందు ఎక్కుతోంది. దాని ప్రాణం నీ నాలిక మీద ఉంది. చెప్పు!"

శేషుబాబు భోరుమన్నాడు. హీరో వేషమంతా అలా కారిపోయింది.

"బిళ్ళలండీ... డిస్కో బిళ్ళలంటారు. తెల్లగా ఉంటాయి. నిద్రకిచ్చే మందేనటండీ. వేసుకుని నిద్రపోకుండా ఎగిరితే ఒళ్ళు దూదిలా తేలిపోతుంది. బొంబాయిలో అందరూ వేసుకుంటారని తెచ్చిచ్చారు."

"రాకీ ఎన్ని వేసుకున్నాడు?"

"మొదట ఒకటే. పాట అయిపోయినా ఏమీ ఎక్కలేదని ఇంకోటి వేసుకున్నాడు. అది ఎక్కేలోపు పందెం కట్టి మూడోది. మధ్యలో బీరు. నవ్వుతూ నవ్వుతూ ఎగిరాడండీ. మోకాళ్ళు వంకర్లు పోతుంటే అదో కొత్త స్టెప్పనుకుని అందరం చప్పట్లు కొట్టాం." శేషుబాబు మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. "కింద పడ్డా చప్పట్లు కొట్టామండీ. గుర్రు పెడుతుంటే మత్తులో పడుకున్నాడనుకున్నాం. పాట మార్చేసరికి గుర్రు ఆగిపోయింది."

బుల్లయ్య గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. వాడికీ ఆ వయసు కొడుకున్నాడు.

"ఆ పిల్ల కూడా వేసుకుందా?" అడిగాడు జక్రయ్య.

"లేదండీ. తను డ్యాన్సు చూడ్డానికే వచ్చింది. బిళ్ళ చూడగానే గుర్తుపట్టింది. ఇది ఫలానా నిద్రమందు, బీరుతో కలిస్తే ఊపిరి ఆగిపోతుంది, వేసుకోవద్దని రాకీని బతిమాలింది. వాడు వినలేదు. ఇచ్చినవాణ్ణి నేను చూశాను, మా వార్డెన్‌కి చెబుతాను, పోలీసుల్ని పిలుస్తాను అని కేకలు పెట్టింది. అప్పుడు... ఆ బిళ్ళలిచ్చినాయన నాకు సైగ చేశాడండీ. కాసేపు పడుకోబెట్టు, గోల తగ్గుతుంది అన్నాడు. నేను తన కూల్ డ్రింకులో నాలుగు బిళ్ళలు నలిపి వేశాను. నిద్రపోతుందనుకున్నానండీ! చస్తుందనుకోలేదు!"

జక్రయ్య చెయ్యి దానంతటదే లేచింది. బుల్లయ్య పట్టుకుని ఆపాడు. మాస్టారి కూతురు ఒక్కతే ఆ గదిలో తెలివి ఉన్న మనిషి. వద్దురా అని చెప్పినందుకే ఆ పిల్ల ఇవాళ శవాల పక్కన చేరబోతోంది. మళ్ళీ పేపర్లో ప్రేమజంట అని పేరొకటి. జక్రయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనో మరి దేనితోనో.

"ఆయనెవరు?"

"చంపేస్తాడండీ! అది మాత్రం అడక్కండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తర్వాత వీడి సంగతి," అంటూ జక్రయ్య ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. ముందు ఆ సూదులు ఆగాలి. ఫోను అందుకుని బ్రాడీపేట నర్సింగ్ హోమ్ నంబరు తిప్పాడు. డాక్టర్ శ్యామసుందరే ఎత్తాడు.

"డాక్టరుగారూ, జయరావు మాస్టారి తరఫున జక్రయ్యని మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయి పురుగుమందు తాగలేదండీ. నిద్రబిళ్ళలు, నాలుగు. ఎవరో కూల్ డ్రింకులో కలిపారు. మీరిచ్చే ఇంజెక్షన్లు వెంటనే ఆపండి."

అవతలినుంచి మెత్తగా, తీరిగ్గా వచ్చింది గొంతు. "అలాగా పాపం! మంచిపని చేశారు చెప్పి. ఎవరు కలిపారో తెలిసిందా?"

"ఇంకా లేదు. కలిపించినవాణ్ణి ఆ అమ్మాయి చూసిందట. తెలివొస్తే తనే చెబుతుంది."

"తప్పకుండా. నేను స్వయంగా చూసుకుంటాను. మీరు నిశ్చింతగా ఉండండి."

జక్రయ్య ఫోను పెట్టి, చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. పొద్దుటినుంచీ మొదటిసారి గుండె కుదుటపడింది. బుల్లయ్య శేషుబాబుని రెక్క పట్టుకుని లాక్కొచ్చి బల్ల పక్కన కూలేశాడు. ఓడిపోయిన మనిషి కదా, మొహం కందగడ్డలా ఉంది.

"ఒప్పుకున్నానులే, ఎక్కువ చెయ్యకు," అన్నాడు జక్రయ్య ఏమీ అనకముందే. "అయినా నన్ను తప్పుపట్టడమెందుకు? ఆ డబ్బా అసలు నా కళ్ళబడేదే కాదు. నిన్న సాయంత్రం నేనిక్కడ గది అంతా చూసి వెళ్ళిపోబోతుంటే, ఇదిగో ఈ ఫోనుకే కబురొచ్చింది. లక్షణాలు పురుగుమందువి, పెద్ద స్పీకరు పెట్టె వెనక డబ్బా ఏదైనా ఉందేమో చూడండి అని. చూస్తే ఉంది. అంత పెద్ద డాక్టరు చెబితే నమ్మనా మరి?"

జక్రయ్య చెయ్యి ఫోను మీదే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే, శ్యామసుందర్."

"ఆయన ఇక్కడికొచ్చాడా నిన్న?"

"లేదన్నాడు. ఈ కోల్డ్ స్టోరేజి గడపే ఎప్పుడూ తొక్కలేదన్నాడు."

"గడప తొక్కనివాడికి స్పీకరు పెట్టె వెనక ఏముందో ఎలా తెలుసు బుల్లయ్యా?"

బుల్లయ్య తల తిప్పి ఆరో ఛాంబరు వైపు చూశాడు.

"ఇంకోటి చెప్పు. పోలీసు కేసయ్యే పేషెంటుని ఏ ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా గుమ్మం ఎక్కనిస్తుందా? పెద్దాసుపత్రికి పొమ్మని తరిమేస్తారు. ఈయన మాత్రం కిక్కురుమనకుండా ఎందుకు చేర్చుకున్నాడు?" జక్రయ్య గభాలున వంగి శేషుబాబు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "ఆయనేనా?"

శేషుబాబు నోటితో చెప్పలేదు. కళ్ళు మూసుకుని తల ఊపాడు.

జక్రయ్య ఆ గడ్డం వదిలేశాడు. ఆ పిల్ల నిన్న చూసిన మనిషి చేతికే ఆ పిల్లని అప్పజెప్పారు. నోరు విప్పకుండా పడి ఉన్నంతసేపూ వాడికి తొందర లేదు. ఇప్పుడు తొందర పుట్టించింది ఎవరు? తనే. తెలివొస్తే చెబుతుందని స్వయంగా ఫోను చేసి మరీ చెప్పాడు.

"జీపు తియ్యరా బుల్లయ్యా! చంపేస్తాడు!"

బుల్లయ్య జీపు నడిపిన తీరు చూసి ఎదురొచ్చే మిర్చి లారీలే పక్కకి తప్పుకున్నాయి. వెనక సీట్లో శేషుబాబు ఏడుస్తూనే ఉన్నాడు. శంకర్‌విలాస్ సెంటరు వైపు రిక్షాలు అడ్డమొస్తే బుల్లయ్య హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు. జక్రయ్య మాత్రం ఒక్క మాటే గొణుక్కుంటూ కూర్చున్నాడు. నేనే చెప్పాను, నేనే చెప్పాను.

నర్సింగ్ హోమ్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, వరండా దాటి, మూలగది తలుపు దగ్గర జక్రయ్య ఠక్కున ఆగిపోయాడు.

లోపల ప్రార్థన జరుగుతోంది.

మంచం చుట్టూ చర్చి ఆడవాళ్ళు ముసుగులేసుకుని మోకరించారు. మంచం పక్కన మాస్టారి అక్క ఆదెమ్మ నడుము వంచి ఏడుస్తోంది. జయరావు మాస్టారు కళ్ళు మూసుకుని, ఒక చేత్తో కూతురి నుదురు పట్టుకుని, గొంతెత్తి ప్రార్థిస్తున్నాడు. ఆయన పక్కన డాక్టర్ శ్యామసుందర్ తెల్లకోటులో నిలబడి ఉన్నాడు. చేతిలో నిండా మందు ఎక్కించిన సిరంజి. సూది వేసేముందు ప్రభువుని అడగకుండా మాస్టారి ఇంట్లో ఎవరికీ సూది వెయ్యరు. మాస్టారు మొదలెడితే ఆదాం దగ్గర్నుంచి వస్తాడు. అంతమంది మధ్య మాస్టారిని దాటుకుని వెళ్ళి పొడిచే వీలు లేక, డాక్టరు తల వంచుకుని పళ్ళు నూరుతూ నిలబడిపోయాడు. నుదుటి మీద చెమట కారుతోంది.

జక్రయ్య చెప్పులు విడిచాడు. చప్పుడు కాకుండా ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, డాక్టరు పక్కన నిలబడి, సిరంజి ఉన్న మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు ఉలిక్కిపడి చూశాడు. తలుపులో ఖాకీ కనపడింది. మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"...ఈ వైద్యుని చేతిని దీవించు తండ్రీ," అంటున్నాడు మాస్టారు. "ఈ చేతితోనే నా బిడ్డని లేపు ప్రభువా. ఈయన రుణం మేము తీర్చుకోలేము. ఈయన బిడ్డల్ని చల్లగా చూడు..."

ఆ చెయ్యి జక్రయ్య పిడికిట్లో గిలగిల్లాడింది. జక్రయ్య ఇంకా గట్టిగా బిగించాడు. మాస్టారి ప్రార్థనని మధ్యలో ఆపే ధైర్యం చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆమెన్ అనేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అందరూ ఆమెన్ అన్నారు. మాస్టారు కళ్ళు తెరిచి, తన పాత శిష్యుణ్ణి చూసి, ఆ పట్టిన చెయ్యి చూసి బిత్తరపోయాడు.

"ఏమిటిది జక్రయ్యా? డాక్టరుగారి చెయ్యి వదులు. పిల్లకి సూది వెయ్యాలి."

జక్రయ్య వదల్లేదు. ఇప్పుడే దీవించిన చేతి గురించి ఆయనకి ఎలా చెప్పడం?

బుల్లయ్యకి అలాంటి మొహమాటాలు లేవు. లోపలికొచ్చి అడిగాడు. "అందులో ఏముంది డాక్టరుగారూ?"

"విరుగుడు... విటమిన్లు... బలానికి," అన్నాడు శ్యామసుందర్. గొంతు ఇందాక ఫోనులో ఉన్నట్టు లేదు.

"బలానికా? మీరు చాలా నీరసంగా ఉన్నారండీ." బుల్లయ్య సిరంజి ఒడుపుగా లాక్కుని, రెండో చేత్తో డాక్టరు కోటు చెయ్యి మోచేతిదాకా మడిచాడు. "ముందు మీరు వేయించుకోండి. మిగిలింది అమ్మాయికి వేద్దాం."

సూది మొన ఇంకా చర్మానికి తగలనే లేదు.

"వద్దు!" శ్యామసుందర్ పెట్టిన కేకకి వరండాలో పేషెంట్లు లేచి నిలబడ్డారు. "నాకొద్దు! తియ్యండి! తియ్యండది!"

ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. జయరావు మాస్టారు డాక్టరు మొహంలోకి చూశాడు, సిరంజి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఎవరూ ఏమీ వివరించలేదు. ఆ ఒక్క కేకతో ఆయనకి అంతా తెలిసిపోయింది.

ఆయన డాక్టర్ని తిట్టలేదు, కొట్టలేదు. అరవై ఏళ్ళ మనిషి, వంగి కూతుర్ని రెండు చేతులమీదా ఎత్తుకున్నాడు. సంతోషకుమారి తల ఆయన భుజం మీద వాలిపోయింది. ఎండిన పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. ఊపిరి ఒకటి తీసుకుంటే, రెండోది వస్తుందో రాదో అని అందరూ ఎదురుచూడవలసి వస్తోంది.

"పెద్దాసుపత్రికి, జక్రయ్యా. తొందరగా," అన్నాడు మాస్టారు. "నేనే ఈ మంచం మీద పడుకోబెట్టాను దీన్ని. నిన్నటినుంచీ ప్రతి సూదికీ కదలకుండా చెయ్యి పట్టుకున్నది నేనే."